అతికించిన కోటు

ఒక్క వాక్యం రాయడానికి ఆనంద్ పాల్ ఎందుకు ఒప్పుకోలేదు? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 'ఈ కోటు నాది కాదు, స్టూడియోవాళ్ళు అతికించారు' అని రాసి పంపితే సరిపోయేది. మాటలతో బతికిన మనిషి. ఇంగ్లీషులోంచి తెలుగులోకి పేజీలకు పేజీలు తిప్పిన చెయ్యి ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చోలేదని ఆయన భార్య పుష్పలత గారు ఒకసారి ఫోన్లో చెప్పారు. ఎందుకని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

వట్లూరులో ఆయనది మా పక్కవీధి. వరసేమీ లేకపోయినా నన్ను 'బాబాయిగారండీ' అని పిలిచేవాడు. వాళ్ళ తాత దొరల కాలంలో ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆ ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే ప్రతి వచనాన్నీ ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లీషులో చదవాలి. చిన్నప్పటినుంచీ అలా రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివిన పిల్లవాడికి అనువాదం వేరే ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కానీ అది కూడుపెట్టే విద్య అని ఎవరికీ తోచలేదు. ఏలూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాడు. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు టైపు పరీక్షలు మానేశారు. ఒక ఎండాకాలంలో మిషన్లన్నీ పాత ఇనుముకింద అమ్మేసి, అక్కడే పవర్‌పేటలోని ఒక నెట్ సెంటర్లో డీటీపీ పనికి చేరాడు.

అక్కడ ఖాళీగా ఉన్నప్పుడు దొరికింది ఆయనకు అనువాదకుల సైటు. ఏ దేశంలోనో పని ఉన్నవాడు అందులో అడుగుతాడు. చెయ్యగలిగినవాళ్ళు మేమున్నామంటారు. ఒక్కో అనువాదకుడికీ ఒక్కో పేజీ. దానిమీద ఫోటో, కిందన ఇంతకుముందు పని చేయించుకున్నవాళ్ళు రాసిన మంచి మాటలు. ఆ మంచి మాటలే పెట్టుబడి. అవి పెరిగిన కొద్దీ పని వెతుక్కుంటూ వస్తుంది.

మొదట వచ్చిన పని ఒక ఇంగ్లీషు వ్యాసం. ఇంటర్నెట్లో నలుగురికీ తెలియాలంటే ఏం చెయ్యాలో చెప్పే వ్యాసం. ఏ సైటుకి వెళ్ళినా ఒకే పేరు పెట్టుకోండి, ఒకే ఫోటో పెట్టుకోండి, చూసిన ప్రతిచోటా అదే ముఖం కనబడితే మనుషులు మిమ్మల్ని నమ్ముతారు, మధ్యలో మార్చకండి అని అందులో సారాంశం. సరైన తెలుగు మాటల కోసం నా దగ్గరికి వచ్చాడు.

"దుకాణం బోర్డుకి రోజుకో రంగు వేస్తే బేరం వస్తుందా అని రాశానండి ఒకచోట. బాగుందా అండీ?"

"బాగుందండీ. ఇంగ్లీషువాడు అలాగే అన్నాడా?"

"వాడేదో జెండా అన్నాడండి. మనకి బోర్డు నయం."

ఎవరో రాసిన సలహాని అనువదించి వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆనంద్ పాల్ తాను తెలుగు చేసిన ప్రతిదాన్నీ నమ్మేవాడు. మందు సీసాతో వచ్చే కాగితం అనువదిస్తే వారంరోజులు మా అందరికీ ఆ మందు గురించి జాగ్రత్తలు చెప్పేవాడు. ఈ వ్యాసం పంపిన మర్నాడే ఫోటో తీయించుకోవడానికి బయల్దేరాడు. నేను కళ్ళజోడు బాగుచేయించుకోవాలని తోడు వెళ్ళాను.

రామచంద్రరావుపేటలో హరిప్రసాద్ స్టూడియో. బట్టల కొట్టు కుటుంబం. అన్నదమ్ములు కొట్టు చూసుకుంటుంటే ఈయన కెమెరా పట్టాడు. ఆనంద్ పాల్ పొట్టి చేతుల చొక్కాతో, చెమటతో వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఫోటో నిమిషంలో అయిపోయింది. అసలు పని ఆ తర్వాత కంప్యూటరు మీద.

"దేనికండీ ఇది? పాస్‌పోర్టుకా?"

"ఇంటర్నెట్‌కండీ."

"అయితే కోటు ఉండాలండీ. చొక్కాతో కనబడితే పరాయి దేశపోడు పనిస్తాడా అండీ?"

"నాకు కోటు లేదండీ."

"మీకెందుకండీ, నా దగ్గరుంది కదా."

మౌస్ రెండుసార్లు నొక్కాడు. ఆనంద్ పాల్ మెడ కింద నీలం కోటు వచ్చి కూర్చుంది, మెరూన్ టై, దానిమీద ఏటవాలు గీతలు. తర్వాత రంగు తేల్చాడు. బుగ్గలు కాస్త పూరించాడు. కనుబొమ్మ మీది పుట్టుమచ్చని ఎత్తి అవతల పారేశాడు. మా వైపు స్టూడియోలన్నిటికీ అదే ధర్మం. పెళ్ళికూతురికైనా, పోయిన పెద్దాయనకైనా ఉన్నది ఉన్నట్టు ఇస్తే పని రానట్టు లెక్క.

"ఇది నేనేనా అండీ?" అన్నాడు ఆనంద్ పాల్.

"మీరేనండీ. కాస్త తీరిగ్గా ఉన్నప్పటి మీరు."

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. కానీ ఆనంద్ పాల్ ఆ తెర ముందునుంచి తొందరగా లేవలేదు.

ఆ ఫోటో అన్నిచోట్లా ఎక్కింది. అనువాదకుల సైటులో, ఆర్కుట్‌లో, మెయిల్లో, ఆయన కొత్తగా మొదలెట్టిన తెలుగు బ్లాగులో. ఆ బ్లాగులో కొల్లేరు గురించి రాసేవాడు. వాళ్ళమ్మ వైపువాళ్ళు లంక గ్రామంలో మనుషులు. దోనెలో తిరిగిన రోజులు, గూడబాతులు ఏ చెట్టు మీద గూళ్ళు కడతాయి, గవర్నమెంటువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది లంకల్లో ఏ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు, ఇవన్నీ. చిన్న చిన్న వాక్యాలు. నేను చదువుకున్నంతలో చెబుతున్నాను, మంచి వచనం. మస్కట్లో ఉండే ఒకావిడ 'మీ వ్యాఖ్య ఎక్కడ కనబడినా ఆ ఫోటో చూసి ఆగి చదువుతాను' అని రాస్తే అది అచ్చేయించి తెచ్చి నాకు చూపించాడు.

"చూశారా అండీ, ముఖం చూసి ఆగుతుందట!"

ఏలూరులో ఆయన ముఖం చూసి ఆగేవాళ్ళు లేరు. బస్టాండులో ఎదురుపడితే పాత విద్యార్థులు 'టైపు మాస్టారూ' అనేవాళ్ళు. నెట్ సెంటర్లో అప్లికేషన్ నింపించుకునేవాళ్ళకి ఆయన 'ఇదిగో అబ్బాయ్', నలభై అయిదేళ్ళ వయసులో. ఇంటర్నెట్లో మాత్రం ఆయన కొల్లేటి ఆనంద్ పాల్ గారు. ఆ తేడా ఆయన్ని ఎంత కాల్చేదో మొదట్లో నాకు తెలియలేదు.

పుష్పలత గారికి తెలుసనుకుంటాను. మిషన్ స్కూల్లో టీచరు. నవ్వుతూనే చురక వేసేది. "ఆ కోటాయన్ని ఓసారి ఇంటికి పిలవండి బాబాయిగారండీ. ఈయన కంటే ఆయనే నయంగా ఉన్నాడు. మార్కెట్టుకైనా పంపిద్దాం."

ఆనంద్ పాల్ నవ్వేవాడు కాదు.

రెండేళ్ళలో సైటులో ఆయన పేజీ పొడవుగా పెరిగింది. ఈలోగా ఒంట్లో సుగర్ బయటపడి మనిషి సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి. "ఇప్పుడున్నట్టు ఒక ఫోటో తీయించుకోకూడదా అండీ?" అన్నాన్నేను. "మధ్యలో మార్చకూడదండీ" అన్నాడు, వ్యాసంలో ఉన్నదే వల్లించినట్టు.

అప్పుడే రూబెన్ వచ్చాడు. కామవరపుకోట నుంచి వచ్చి వట్లూరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. చర్చిలో పరిచయం. అతనికీ అనువాదం మీద ఆసక్తి. ఆనంద్ పాల్ అతన్ని నెట్ సెంటర్లో పక్కన కూర్చోబెట్టుకుని సైటులో చేర్పించాడు. చేర్పించి, "ఫోటో ఒక్కటే ఉండాలండీ తమ్ముడుగారూ. అన్నిచోట్లా అదే. మంచిది తీయించుకోండి, నేను చెప్పానని చెప్పండి" అని హరిప్రసాద్ దగ్గరికి పంపాడు.

రూబెన్ బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. సైటులోనూ ఆర్కుట్‌లోనూ అదే ఫోటో పెట్టాడు. కాలేజీ గుర్తింపు కార్డుకీ అదే ఇచ్చాడు.

2008 వానాకాలంలో ఆ సైటు చర్చల పేజీలో ఎవరో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆనంద్ పాల్, ఒకటి రూబెన్. అదే నీలం కోటు, అదే టై, టైమీద అదే ఏటవాలు గీతలు. ఎడమ భుజం మీద వెలుగు మరక కూడా ఒకచోటే. మొహాలు రెండూ తెల్లగా, రెంటికీ కళ్ళజోడు. 'మొండెం ఒకటే, తలలు మారుతున్నాయి. ఒకడే మనిషి రెండు పేర్లతో తిరుగుతూ తన పనిని తనే మెచ్చుకుంటున్నాడు' అని కింద రాశారు. రూబెన్ అప్పటికే గురుభక్తితో ఆనంద్ పాల్ పేజీలో నాలుగు మంచి మాటలు రాసి ఉన్నాడు. పైగా ఇద్దరూ ఒకే నెట్ సెంటర్ నుంచి రాస్తారు. ఇంకేం కావాలి? సైటువాళ్ళు ఇద్దరి పేజీలూ ఆపేశారు. ఫోటోలో ఉన్నది మీరేనని నెలాఖరులోగా రుజువు చెయ్యండి, లేకపోతే పేజీ తీసేస్తామని మెయిల్ పంపారు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అయినా పంపాలి, లేదా మిమ్మల్ని స్వయంగా చూసిన పాత సభ్యుడెవరైనా అవునని రాయాలి.

ఆనంద్ పాల్ నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి పరుగెత్తాడు.

"నా కోటు ఇంకొకరికి ఎలా వేశారండీ?"

హరిప్రసాద్ తెల్లబోయాడు. "మీ కోటేంటండీ? అది స్టూడియో కోటండీ."

"నాకు చెప్పలేదేం మరి?"

"మీరు అడగలేదు కదండీ. హోటల్లో ప్లేటు పెడితే, ఇంతకుముందు దీంట్లో ఎవరు తిన్నారని అడుగుతామా అండీ?"

అంటూనే కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచాడు. వరసలు వరసలుగా మనుషులు. బీమా ఏజెంటు, ఫెర్టిలైజర్ కొట్టాయన, ఒక పాస్టరుగారు, వార్డు మెంబరు, జ్ఞాపకార్థం ఫ్లెక్సీ కోసం ఎవరో పోయినాయన. అందరికీ నీలం కోటే, మెరూన్ టై. ఏలూరులో సగం మంది ఒకే మొండెం మీద తిరుగుతున్నారు. నాకు నవ్వు రాబోయింది. ఆనంద్ పాల్ మొహం చూసి మింగేశాను.

"ఇందులో గొడవేముందండీ? ఆ కోటు నాదేనని, అందరికీ వేస్తానని నేనే కాగితం మీద రాసిస్తాను. స్టాంపు కూడా కొడతాను. పంపండి వాళ్ళకి" అన్నాడు హరిప్రసాద్, మంచితనంగానే.

"వద్దండీ" అన్నాడు ఆనంద్ పాల్.

"అదేంటండీ, ఊరికే..."

"వద్దని చెప్తున్నాను కదండీ."

ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. హరిప్రసాద్ కూడా విని ఉండడు.

ఆ సాయంత్రం నెట్ సెంటర్లో ఆయన పక్కన కూర్చున్నాను. నేను చెప్పిన వాక్యాన్నే ఇంగ్లీషులో కొట్టాడు. ఈ కోటు నాది కాదు, స్టూడియోవాళ్ళు అతికించారు, ముఖం మాత్రం నాది. చదువుకున్నాడు. చివర ఉన్న 'ముఖం' అన్న మాట దగ్గర ఆగి ముందు ఆ ముక్క చెరిపాడు. తర్వాత మొత్తం చెరిపేశాడు.

"ఏమండీ?"

"ఆ మాట రాస్తే ఇక ఏం మిగులుతుందండీ బాబాయిగారూ?"

"మీరు మిగులుతారు కదండీ."

"నన్నెవరెరుగుదురండీ అక్కడ?"

నేను లేచి వచ్చేశాను.

రూబెన్ పేజీ రెండు రోజుల్లో తెరుచుకుంది. కాలేజీ కార్డు మీద కూడా అదే కోటు, అదే నవ్వు. సైటువాళ్ళు సరిపోయిందన్నారు. అన్నిచోట్లా ఒకే ఫోటో అన్న సలహా అక్షరాలా పనిచేసింది, శిష్యుడికి. అతను ఆనంద్ పాల్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, నా పేజీ తెరిచేశారండీ. మీకోసం రాస్తానంటే, కొత్తవాణ్ణని నా మాట చెల్లదంటున్నారండీ. నా ఫోటో తీసెయ్యమంటారా సార్?"

"ఎందుకండీ, ఉంచుకోండి. మధ్యలో మార్చకూడదు" అన్నాడు ఆనంద్ పాల్, నవ్వకుండా.

ఆయన దగ్గరున్నది ఓటరు కార్డు ఒక్కటే. దానిమీద ఫోటో చూస్తే అందులో ఉన్నది మనిషా, వాన మబ్బా అన్నట్టుంటుంది. స్కాన్ చేసి పంపితే, ఇందులో ఏమీ కనబడడం లేదని సైటువాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. పుష్పలత గారు నాతో అన్నారు, ఆ రోజు హాస్యం లేదు ఆవిడ గొంతులో. "గవర్నమెంటోళ్ళు తీసింది మబ్బు, స్టూడియోవాళ్ళు తీసింది దొర. మనిషిని మాత్రం ఎవరూ తియ్యలేదండీ."

ఇక మిగిలింది పాత సభ్యుడి సాక్ష్యం. సైటులో భాస్కరరావు గారని ఒకాయన ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. సరదాగా వ్యవసాయ కరపత్రాలు తెలుగు చేసిపెట్టేవాడు. సైటు పెట్టినప్పటినుంచీ ఉన్నవాడు కాబట్టి ఆయన మాటకు విలువ. కొల్లేటి రాతలకు మొదటి వ్యాఖ్య ఎప్పుడూ ఆయనదే. పక్క ఊరే కదా, ఒకసారి కలుద్దామని ఆయన ఎన్నోసార్లు రాశాడు. ఎప్పటికప్పుడు ఏదో వంక చెప్పి వాయిదా వేసింది ఆనంద్ పాలే.

నెలాఖరు దగ్గర పడ్డాక ఇద్దరం బయల్దేరాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గూడెం మార్కెట్లో లారీల మధ్య, ఘాటు వాసనలో కొట్టు వెతుక్కుని వెళ్ళాం. గోనెల పక్కన కుర్చీలో భాస్కరరావు గారు. లావుపాటి మనిషి, పెద్ద నవ్వు. ఆనంద్ పాల్ అన్న పేరు వినగానే లేచి నిలబడ్డాడు.

"రండి రండి! ఆనంద్ పాల్ గారు వచ్చారా? ఎక్కడండీ?" అంటూ మా ఇద్దరినీ దాటి రోడ్డు వైపు చూశాడు.

"నేనేనండీ" అన్నాడు ఆనంద్ పాల్.

ఆయన నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం వెతుకుతున్నాయి. "మీరా అండీ? మీరు... ఆయన అన్నగారేమో అనుకున్నానండీ. కూర్చోండి, కూర్చోండి."

కుర్చీలు వేయించాడు. టీ చెప్పాడు. తర్వాత ఒక గంటసేపు కొల్లేరు గురించే మాటలు. భాస్కరరావు గారికి ఆ రాతలు దాదాపు కంఠస్థం. దోనె తిరగబడిన నాటి సంగతి ఈయన సగం చెబితే ఆయన మిగతాది అందుకున్నాడు. చూస్తున్న నాకు ధైర్యం వచ్చింది. ఇక ఫరవాలేదనుకుని నేనే అడిగాను, సైటువాళ్ళకి ఒక్క మాట రాయమని.

భాస్కరరావు గారు గ్లాసు కింద పెట్టారు.

"అది రాసింది ఈయనేనండీ. రవ్వంత అనుమానం లేదు, ప్రమాణం చేసి చెప్తాను. కానీ వాళ్ళు అడిగింది అది కాదు కదండీ. ఫోటోలో ఉన్న మనిషిని మీరు చూశారా అని. నేను చూడలేదండీ."

"ఈయనేనండీ ఆ మనిషి!" అన్నాను.

"మీరు పెద్దలు, మీరంటే నిజమే అయ్యుంటుంది. చూడకుండా సాక్ష్యం చెప్పమంటే మొహమాటానికి చెప్పేవాణ్ణేమో. చూశాక ఎలా చెప్పనండీ? ఈ మచ్చ ఫోటోలో లేదు. ఆ బుగ్గలు ఇక్కడ లేవు. ఇంతకీ ఆ కోటు సంగతేంటండీ? అదొక్కటి చెప్పండి, నాకు అర్థమయ్యేలా. రాసేస్తాను."

అడిగినాయన నిజంగానే రాసేవాడు. మంచి మనిషి. దారి చూపించి గేటు తీసి పట్టుకున్నట్టే. నేను నోరు తెరిచాను. "అది స్టూడియో..."

"బాబాయిగారండీ, వద్దు" అన్నాడు ఆనంద్ పాల్.

కొట్టులో తూకం వేసేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. భాస్కరరావు గారు నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసి, అడగకూడనిది అడిగానేమో అన్నట్టు తల దించుకున్నారు. మళ్ళీ ఆయనే అన్నారు. "పోనీ ఆ సైటు ఏమైతే ఏంటండీ? మీరు బ్లాగులో రాయండి, మేం చదువుతాం. ఫోటో ఎందుకండీ మాకు?"

ఇంతకంటే మంచి మాట ఒక రాసేవాడికి ఎవరు చెబుతారు? ఆనంద్ పాల్‌కు అది చెంపదెబ్బలా తగిలిందని మొహం చూస్తే తెలిసింది. ఆయన చేతులు జోడించి, "సెలవండీ" అని భాస్కరరావు గారితో చెప్పి కొట్టు మెట్లు దిగాడు.

ఏలూరు బస్సు ఎక్కాం. ఆయన కిటికీ వైపు, నేను ఇవతల. ఉంగుటూరు దాటాక నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. "ఏం పోయేదండీ చెబితే? ఊళ్ళో అందరూ వేసుకున్న కోటే కదా! ఆయన రాస్తానన్నాడు కూడా. మూడేళ్ళ కష్టం, మీ చేతులతో మీరే మూసేశారు. మీ రాత నచ్చినాయన ఎదురుగా కూర్చుని మిమ్మల్ని మెచ్చుకుంటుంటే, ఆ ఫోటోలోవాడి మొహం చిన్నబోతుందని చూసుకున్నారా?"

ఆయన బయటికి చూస్తున్నాడు. భీమడోలు వచ్చింది, వెళ్ళింది. ఇంకా ఏవో అన్నాను. అన్నవన్నీ న్యాయమైనవే.

"గుండుగొలను, గుండుగొలను వాళ్ళు దిగండి" అని కండక్టరు కేకేశాడు. మా టిక్కెట్లు ఏలూరుకి. ఆనంద్ పాల్ లేచాడు. మంచినీళ్ళకేమో అనుకుని మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చాను. నా మీదుగా వెళ్తూ భుజం తగిలినా మామూలుగా అనే 'ఏమనుకోకండి' కూడా అనలేదు. దిగాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి "పాల్ గారూ, పాల్ గారూ" అని పిలిచాను. ఆయన హైవే దాటుతున్నాడు. వెనక్కి చూడలేదు.